చిన్న వ్యాపారంలో లాభాల మార్జిన్: ఎంత ఉంటే సరిపోతుంది?

1. విషయ పరిచయం

స్థూల లాభం, నికర లాభం కనుక్కునే సూత్రాలను గత భాగంలో చదివారు. ఆ లెక్క చేయడం కష్టం కాదు. వచ్చిన శాతాన్ని చూసి ఈ వ్యాపారం బాగున్నదా, లేదా అని చెప్పడమే కష్టం. పరీక్షల్లో కూడా విద్యార్థులు శాతం వరకు సరిగ్గా చేసి, ఆ తర్వాత "ఇది సంతృప్తికరంగా ఉంది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఎందుకు సంతృప్తికరమో రాయరు. ఈ భాగం ఆ "ఎందుకు" గురించి.

ఒకసారి సంపర్క తరగతి అయిపోయాక, మెదక్ పక్కనే ఉన్న హవేలిఘనపూర్ నుంచి వచ్చే విద్యార్థి ఒకరు పొడవాటి ఖాతా పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. అతనికి ఇంటి ముందు గదిలో కిరాణా దుకాణం ఉంది. "సార్, నెలకు ముప్పై వేలు మిగుల్తున్నయి. మీరు చెప్పిన లెక్క ప్రకారం పది శాతం. బ్యాంకుల మూడు లక్షల ముద్ర లోన్ ఇస్తామంటున్నరు. తీసుకొని దుకాణం పెద్దగ చేద్దామనుకుంటున్న. పది శాతం అంటే మంచిదే కదా సార్?" అని అడిగాడు.

అతనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పుస్తకం ముందు పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చున్న తర్వాతే చెప్పగలిగాను. ఆ లెక్కనే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. అంకెలను గుండ్రం చేశాను, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసివేశాను. మీరు పక్కన కాగితం పెట్టుకుని, ప్రతి మెట్టు దగ్గర ఆగి, లెక్క మీరే వేసుకుంటూ చదవాలి.

2. మార్జిన్, మార్కప్ ఒకటి కావు

ముందుగా ఒక చిన్న గందరగోళాన్ని తొలగించుకుందాం. 87 రూపాయలకు కొన్న వస్తువును 100 రూపాయలకు అమ్మితే 13 రూపాయలు మిగులుతాయి. ఆ 13ను అమ్మిన ధర 100తో భాగిస్తే 13 శాతం. ఇది మార్జిన్. అదే 13ను కొన్న ధర 87తో భాగిస్తే దాదాపు 15 శాతం. ఇది మార్కప్. బజారులో "మీద పదిహేను వేసుకుంటం" అనే వ్యాపారి మార్కప్ చెబుతున్నాడు. బ్యాంకు అధికారి, ఆదాయపు పన్ను శాఖ, మన పాఠ్యపుస్తకం మార్జిన్ అడుగుతాయి. చిన్న శాతాల దగ్గర తేడా తక్కువగానే కనిపిస్తుంది. కానీ గాజులు, ప్లాస్టిక్ బొమ్మల వంటి వాటిలో 50 రూపాయల సరుకు 100కు అమ్మితే మార్కప్ నూటికి నూరు, మార్జిన్ మాత్రం యాభై. ఇద్దరు వ్యాపారులను పోల్చేటప్పుడు ఒకరిది ఒక విధంగా, ఇంకొకరిది ఇంకో విధంగా లెక్కిస్తే పోలికకు అర్థం ఉండదు.

3. కిరాణా దుకాణం లెక్క

ఆ దుకాణం ఒక నెల లెక్క ఇది:

అమ్మకాలు – రూ. 3,00,000
అమ్మిన సరుకు కొన్న ఖరీదు – రూ. 2,61,000
స్థూల లాభం – రూ. 39,000 (13 శాతం)
కరెంటు (ఫ్రిజ్‌తో కలిపి) – రూ. 2,200
మెదక్ నుంచి సరుకు తెచ్చే ఆటో కిరాయి – రూ. 2,500
కవర్లు, పొట్లాల కాగితం – రూ. 800
పాడైనది, ఎలుకలు కొట్టినది, తూకంలో పోయినది – రూ. 1,500
ఫోను, మరమ్మతులు, ఫ్రిజ్ తరుగుదల – రూ. 1,000
మిగిలింది – రూ. 31,000 (10.33 శాతం)

విద్యార్థి చెప్పిన పది శాతం ఇదే. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాడైన సరుకును కూడా రాసుకున్నందుకు అతన్ని మెచ్చుకోవాలి, చాలామంది రాయరు. కానీ ఈ లెక్కలో మూడు ఖర్చులు లేవు. గల్లా పెట్టెలోంచి ఎవరికీ డబ్బు తీసి ఇవ్వలేదు కాబట్టి అవి ఖర్చుగా కనిపించలేదు. అర్థశాస్త్రంలో వీటిని ఆపాదిత వ్యయాలు అంటాం. అవకాశ వ్యయం అనే భావన ఇక్కడే పనికొస్తుంది: ఆ గదిని, ఆ మనుషులను, ఆ డబ్బును మరోచోట పెడితే ఎంత వచ్చేది?

మొదటిది గది. దుకాణం సొంత ఇంట్లోనే ఉంది. కానీ రోడ్డు వైపున్న ఆ గదిని మొబైల్ రీఛార్జి దుకాణం పెట్టేవారు నెలకు 4,000కు అడిగారని అతనే చెప్పాడు. కాబట్టి 4,000 కిరాయి.

రెండోది మనుషుల పని. అతను పొద్దున ఆరుకు షట్టర్ తెరిస్తే రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తాడు. మెదక్‌లో ఏ దుకాణంలోనైనా పనికి కుదిరితే తనకు 15,000 ఇస్తారని ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం అతను సరుకుకు వెళ్లినప్పుడు, తరగతులకు వచ్చినప్పుడు భార్య కూర్చుంటుంది. ఆమె పనికి ఎంత వేద్దామంటే, "ఆమె ఇంట్లనే ఉంటది కదా సార్" అన్నాడు. ఆమె ఆ సమయంలో బీడీలు చుట్టినా, కుట్టుపని చేసినా, కూలికి పోయినా డబ్బు వస్తుంది. ఆమె బదులు ఒక కుర్రవాణ్ణి పెట్టుకుంటే జీతం ఇవ్వాలి. చివరకు 6,000 వేశాం. నా దృష్టిలో అది తక్కువే. మన ఊళ్లలో చిన్న వ్యాపారాల లాభంలో ఎంత భాగం ఇలా లెక్కలోకి రాని ఆడవాళ్ల పని నుంచి వస్తున్నదో విద్యార్థులు ఎవరైనా ప్రాజెక్టుగా తీసుకుంటే బాగుంటుంది.

31,000లోంచి 4,000, 15,000, 6,000 కలిపి 25,000 తీసేస్తే మిగిలేది 6,000. అంటే అమ్మకాల్లో 2 శాతం.

మూడోది పెట్టుబడి మీద వడ్డీ. దుకాణంలో ఉన్న సరుకు విలువ 2,20,000. ఫ్రిజ్, ర్యాకులు, కాంటా కలిపి 60,000. ఇవి రెండే అయితే 2,80,000. కానీ ఖాతా పుస్తకంలో మరో 1,20,000 ఉంది. అది ఉద్దెర, ఊరివాళ్ల దగ్గర ఆగిన డబ్బు. అదీ పెట్టుబడే. మొత్తం నాలుగు లక్షలు. ఏడాదికి 12 శాతం వేసుకుంటే నెలకు 4,000. ఇక మిగిలేది 2,000, అంటే 0.67 శాతం.

పది శాతంతో మొదలై ఒక శాతం లోపుకు వచ్చాం. ఎవరూ దొంగిలించలేదు, లెక్కా తప్పలేదు. మిగిలిన 31,000లో చాలా భాగం కూలి, కిరాయి, వడ్డీ. వ్యాపారానికి మిగిలింది 2,000 మాత్రమే. మొదట చెప్పిన 31,000 అబద్ధమని దీని అర్థం కాదు. ఆ కుటుంబం ఆ డబ్బుతోనే బతుకుతున్నది. కానీ "దుకాణం పెద్దది చేయాలా?" అనే ప్రశ్నకు జవాబు 31,000లో దొరకదు, 2,000లో దొరుకుతుంది.

ఇక్కడ వడ్డీ రేటు ఎంత కీలకమో చూడండి. మన ప్రాంతంలో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు మాట. అంటే ఏడాదికి 24 శాతం. ఆ నాలుగు లక్షలు అలా బయట అప్పు తెచ్చి పెట్టినవైతే నెలకు వడ్డీ 8,000 అవుతుంది. అప్పుడు అదే దుకాణం నెలకు 2,000 నష్టంలో ఉన్నట్టు. సరుకు, ధర, గిరాకీ ఏవీ మారలేదు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రమే మారింది. కాబట్టి పెట్టుబడి ఎవరిదో తెలియకుండా "ఇంత శాతం ఆరోగ్యకరం" అని చెప్పడం కుదరదు.

స్వయం సమీక్ష: ఇంటికి వాడుకోవడానికి దుకాణంలోంచి నెలకు 4,000 విలువైన పప్పు, నూనె, సబ్బులు తీసుకుని రాయకపోతే, స్థూల లాభం ఎక్కువగా కనిపిస్తుందా, తక్కువగా కనిపిస్తుందా? (సరుకు తగ్గింది కానీ అమ్మకం నమోదు కాలేదు. కాబట్టి తక్కువగా కనిపిస్తుంది. దీన్ని సొంత వాడకాల ఖాతాకు రాయాలి.)

4. శాతం ఒక్కటే చూస్తే వచ్చే పొరపాటు

అదే రోడ్డు మీద పొద్దున పూట నడిచే ఒక టిఫిన్ సెంటర్‌ను ఊహించుకుందాం. రోజుకు 4,000 చొప్పున 26 రోజులకు అమ్మకం 1,04,000. బియ్యం, మినప్పప్పు, పల్లీలు, నూనె, గ్యాస్ అన్నీ కలిపి 54,000. స్థూల లాభం 50,000, అంటే 48 శాతం. కిరాణా దుకాణం 13 శాతం పక్కన ఇది మహా గొప్పగా కనిపిస్తుంది. కానీ ఇద్దరు పనివాళ్ల జీతాలు 17,000, కిరాయి 5,000, విస్తరి ప్లేట్లు, నీళ్లు, కరెంటు 3,000 పోతే 25,000 మిగులుతుంది. భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామున నాలుగుకే లేచి పనిచేసినందుకు 22,000 వేసుకుంటే మిగిలేది 3,000. అది 2.88 శాతం.

స్థూల మార్జిన్‌లో అంత తేడా ఉన్న రెండు వ్యాపారాలు, అందరి కూలీ ఇచ్చాక, రెండు మూడు శాతాల దగ్గర కలుసుకున్నాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. టిఫిన్ సెంటర్ ముడి సరుకుకు పనిని చేర్చి అమ్ముతుంది, అందుకే స్థూల లాభం ఎక్కువ. కిరాణా దుకాణం వచ్చిన ప్యాకెట్‌ను వచ్చినట్టే అమ్ముతుంది. ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చయి ఉంటుంది కాబట్టి దాన్ని మించి తీసుకునే వీలూ లేదు. అందుకే టిఫిన్ సెంటర్ 13 శాతం స్థూల మార్జిన్‌తో నడిస్తే వారం తిరగకుండా మూతపడుతుంది, కిరాణా దుకాణం 48 శాతం వేసుకుంటే కొనేవాడు ఉండడు. మార్జిన్‌ను ఎప్పుడూ అదే రకం వ్యాపారంతోనే పోల్చాలి.

పెట్టుబడి వైపు నుంచి చూస్తే తేడా ఇంకో విధంగా బయటపడుతుంది. టిఫిన్ సెంటర్‌కు పొయ్యిలు, గ్రైండర్, బల్లలు, గిన్నెలు కలిపి 80,000 చాలు. ఏడాదికి మిగిలే 36,000ను దానితో భాగిస్తే 45 శాతం. కిరాణాలో ఏడాదికి మిగిలే 72,000ను నాలుగు లక్షలతో భాగిస్తే 18 శాతం. (రెండింటిలోనూ పెట్టుబడి మీద వడ్డీ తీయకముందు మిగిలినదే తీసుకున్నాం.)

అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో 1910ల దశకంలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే అధికారి ఈ విషయాన్నే ఒక సూత్రంగా మలిచాడు. పెట్టుబడి మీద వచ్చే ప్రతిఫలం అంటే లాభాల మార్జిన్‌ను, ఆ పెట్టుబడి ఏడాదిలో ఎన్నిసార్లు అమ్మకంగా తిరిగిందో ఆ సంఖ్యతో గుణించడం. కిరాణాలో 36 లక్షల అమ్మకానికి 4 లక్షల పెట్టుబడి, అంటే 9 సార్లు. 2 శాతం × 9 = 18 శాతం. టిఫిన్ సెంటర్‌లో 12,48,000 అమ్మకానికి 80,000, అంటే 15.6 సార్లు. 2.88ను 15.6తో గుణిస్తే 45 వస్తుంది. పెద్ద కంపెనీల కోసం పుట్టిన సూత్రం ఘనపూర్ కిరాణా కొట్టుకూ అంతే చక్కగా సరిపోతుంది.

దుకాణం లోపల కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. మన విద్యార్థి 25 కిలోల బియ్యం బస్తాను 1,360కు తెచ్చి 1,400కు అమ్ముతాడు. మార్జిన్ మూడు శాతం కూడా లేదు. "బియ్యంల ఏం మిగలది సార్, గిరాకీ పోతదని పెడుతున్న" అన్నాడు. కానీ పది బస్తాలు నిల్వ పెట్టుకుని నెలకు ముప్పై అమ్ముతున్నాడు. అంటే 13,600 పెట్టుబడి మీద నెలకు 1,200. అదే 13,600తో తెచ్చిన గాజులు, బొమ్మలు 35 శాతం మార్జిన్‌తో పెట్టాడు. అవి అమ్ముడుపోవడానికి ఏడాది పట్టింది. అమ్మకం దాదాపు 20,920, మిగులు 7,320. నెలకు పంచితే 610. "ఏం మిగలదు" అనుకున్న బియ్యం, "బాగా మిగులుద్ది" అనుకున్న బొమ్మల కంటే రెట్టింపు ఇచ్చింది. పైగా బియ్యం కోసం వచ్చినవాళ్లు ఉప్పు, కారం కూడా తీసుకుపోతారు.

5. ఉద్దెర

ఈ అంశానికి పాఠ్యప్రణాళికలో "రుణగ్రస్తులు, రాని బాకీలు" అనే ఒక్క పంక్తి మాత్రమే కేటాయించారు. కానీ పల్లె వ్యాపారాన్ని నిలబెట్టేదీ, ముంచేదీ ఇదే. కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

వరి పండే ఊళ్లలో డబ్బు ఏడాదంతా సమానంగా రాదు. వానకాలం వడ్లు కొనుగోలు కేంద్రాలకు చేరి డబ్బులు పడేది నవంబరు, డిసెంబరుల్లో. యాసంగివి ఏప్రిల్, మే నెలల తర్వాత. మధ్యలో ఇల్లు నడవాలి. అప్పుడు కిరాణా కొట్టు ఖాతా పుస్తకమే బ్యాంకు. ఉద్దెర ఇవ్వనని భీష్మించుకుంటే ఊళ్లో దుకాణం నడవదు. ఇస్తే దాని ధర మార్జిన్‌లోంచి పోతుంది.

ఎంత పోతుంది? జూలైలో ఒక వస్తువు ఉద్దెర ఇచ్చి డిసెంబరులో డబ్బు తీసుకుంటే అయిదు నెలలు. నూటికి రెండు రూపాయల లెక్కన పది శాతం. బ్యాంకు వడ్డీ 12 శాతంతో చూసినా అయిదు శాతం. అంటే మూడు శాతం మార్జిన్ ఉన్న బియ్యం బస్తాను అయిదు నెలల ఉద్దెరకు ఇస్తే, ఏ వడ్డీతో చూసినా నష్టమే. ఎరువుల దుకాణాల వారికి ఇది మరీ తీవ్రం. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలని ప్రభుత్వమే నిర్ణయించింది, దాని మీద పెంచుకునే వీల్లేదు. ఉద్దెర మాత్రం పంట వచ్చేదాకా ఇవ్వాల్సి వస్తుంది.

అసలే రాకపోతే? 1,000 రూపాయల సరుకు పట్టుకెళ్లినవారు ఇవ్వలేదనుకోండి. దుకాణదారు జేబులోంచి పోయింది కొన్న ఖరీదు 870. 13 శాతం స్థూల మార్జిన్‌తో ఆ 870 తిరిగి రావాలంటే 870ను 0.13తో భాగించాలి. దాదాపు 6,690 రూపాయల అమ్మకం చేయాలి. ఒక్కరు ఎగ్గొట్టిన వెయ్యి కోసం దాదాపు ఏడు వేల బేరం ఉత్తపుణ్యానికి చేసినట్టు. ఈ లెక్క చూపించినప్పుడు మన విద్యార్థి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పుస్తకంలో రెండేళ్లుగా కదలని పేర్లు ఎన్ని ఉన్నాయో అతనికి తెలుసు.

6. బయట దొరికే కొలమానాలు

"మంచి మార్జిన్ ఎంత?" అని అడిగితే విద్యార్థులు తరచుగా చెప్పే జవాబు "ఎనిమిది శాతం". ఇది ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 44ఏడీ సెక్షన్ నుంచి వచ్చింది. చిన్న వ్యాపారి పూర్తి లెక్కల పుస్తకాలు పెట్టకుండా, అమ్మకాల్లో 8 శాతాన్ని ఆదాయంగా చూపి పన్ను లెక్కించుకోవడానికి అది వీలు కల్పించింది. ఫోన్‌పే, బ్యాంకు వంటి డిజిటల్ మార్గాల్లో వచ్చిన మొత్తానికి 6 శాతం. ఇది పన్ను వసూలును సులువు చేసే ఊహ మాత్రమే, వ్యాపారం ఆరోగ్యానికి కొలబద్ద కాదు. పైగా యజమాని తన కూలిని ఇందులో తీసేయడానికి లేదు. కాబట్టి ఆ 8 శాతాన్ని పోల్చాల్సింది మన 10.33తో, 0.67తో కాదు. కమీషన్ మీద నడిచే వ్యాపారాలకు ఈ సెక్షన్ అసలు వర్తించదు.

రెండో కొలమానం పెద్ద దుకాణాలు. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ కంపెనీకి 2023-24లో దాదాపు 50,800 కోట్ల అమ్మకాల మీద 2,536 కోట్ల నికర లాభం వచ్చింది. అది 5 శాతం. స్థూల మార్జిన్ దాదాపు 15 శాతం, అంటే మన కిరాణా దుకాణానికి రెండు శాతాలు అటూ ఇటుగా అంతే. ఆ అయిదు శాతం మేనేజరు నుంచి సెక్యూరిటీ గార్డు వరకు అందరి జీతాలు ఇచ్చాక, పన్ను కూడా కట్టాక మిగిలినది. కాబట్టి "డీమార్ట్‌కే అయిదు, నాకు పది" అని సంబరపడటానికి లేదు.

మూడోది చౌక ధరల దుకాణం. తెలంగాణలో రేషన్ డీలర్ల కమీషన్‌ను 2023లో టన్నుకు 900 నుంచి 1,400 రూపాయలకు పెంచారు, అంటే కిలోకు రూపాయి నలభై పైసలు. మనిషికి ఆరు కిలోల చొప్పున 2,500 మందికి బియ్యం ఇచ్చే డీలరు నెలకు 15 టన్నులు పంచితే కమీషన్ 21,000. ఇక్కడ సరుకు కొనడానికి పెట్టిన డబ్బు లేదు, ఉద్దెర లేదు. మార్జిన్ శాతం అనే మాటకే అర్థం లేదు. కిరాయి, తూకం వేసే మనిషి జీతం పోగా డీలరుకు కూలి గిట్టుతున్నదా అన్నదే ప్రశ్న.

మన జిల్లాలో కనిపించే మరో వ్యాపారం రైస్ మిల్లు. ప్రభుత్వ ధాన్యాన్ని కస్టమ్ మిల్లింగ్‌కు తీసుకున్న మిల్లరు క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. అక్కడ తవుడు, నూక, ఊక మీద వచ్చేదీ, ఆ 67 కిలోలకు ఒక కిలో అటో ఇటో తేడా రావడమే లాభనష్టాలను నిర్ణయిస్తాయి. దాన్ని ఉత్పత్తి వ్యయాల భాగంలో చదువుతారు.

7. ఎంత దెబ్బ తట్టుకోగలదు?

ఆరోగ్యవంతుడని ఎవరిని అంటాం? జ్వరం వచ్చినా లేచి తిరగగలిగేవాణ్ణి. వ్యాపారానికి కూడా ఆ పరీక్ష పెట్టాలి. దీనికి బ్రేక్ ఈవెన్ విశ్లేషణ పనికొస్తుంది.

మన కిరాణాలో అమ్మకాలతో పాటు మారే చర వ్యయాలు ఆటో కిరాయి, కవర్లు, పాడైన సరుకు. అవి 4,800, అంటే అమ్మకాల్లో 1.6 శాతం. స్థూల మార్జిన్ 13లోంచి తీసేస్తే ప్రతి వంద రూపాయల అమ్మకానికి 11.40 మిగులుతుంది. స్థిర వ్యయాలు: కిరాయి, ఇద్దరి కూలి 25,000, కరెంటు, ఫోను వగైరా 3,200, వడ్డీ 4,000. మొత్తం 32,200. దీన్ని 0.114తో భాగిస్తే సుమారు 2,82,460. అమ్మకాలు 3,00,000 నుంచి ఆరు శాతం తగ్గితే చాలు, లాభం సున్నా అవుతుంది.

ఆరు శాతం తగ్గడం ఏమంత పెద్ద విషయం కాదు. పక్క వీధిలో ఇంకో దుకాణం తెరిస్తే తగ్గుతుంది. ఒక పంట సరిగ్గా రాకపోయినా తగ్గుతుంది. పోటీని తట్టుకోవడానికి ధర తగ్గిద్దామంటే అదీ సులువు కాదు. 100కు అమ్మేదాన్ని 98కి ఇస్తే మిగిలేది 13 బదులు 11. మునుపటి 39,000 స్థూల లాభం రావాలంటే సరుకు 18 శాతం ఎక్కువ అమ్ముడుపోవాలి. కొనేవాడికి రెండు శాతం తగ్గింపు కనిపించకపోవచ్చు, అమ్మేవాడికి మాత్రం అది లాభంలో ఆరో వంతు.

అయితే ఒక నెల అంకెలు చూసి భయపడవద్దు, సంబరపడవద్దు. శివరాత్రికి ఏడుపాయల జాతర, క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వచ్చే జనం, వడ్ల డబ్బులు పడిన వారం – వీటి చుట్టూ ఈ ప్రాంతం వ్యాపారం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జాతరలో కొబ్బరికాయలు అమ్మినవారి ఆ మూడు రోజుల మార్జిన్‌ను మిగిలిన ఏడాదికి అంటగట్టలేం. ఈ డిసెంబరును పోయిన డిసెంబరుతోనే పోల్చాలి, నవంబరుతో కాదు. కనీసం మూడేళ్ల లెక్క ఉంటే మార్జిన్ తగ్గుతున్నదో, నిలకడగా ఉన్నదో తెలుస్తుంది. నన్ను అడిగితే, ఏటా 12, 12.5, 13గా వస్తున్న దుకాణానికి అప్పు ఇస్తాను, 18, 15, 13గా వస్తున్నదానికి ఇవ్వను. రెండింటిదీ ఈ ఏడాది 13 శాతమే అయినా సరే.

8. లోను తీసుకోవాలా?

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. మూడు లక్షలు, 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలవారీ వాయిదా దాదాపు 9,960. వందకు 11.40 మిగిలే దుకాణంలో ఈ వాయిదా పుట్టాలంటే నెలకు అదనంగా 87,000 పైన అమ్మకం జరగాలి. ఇప్పుడున్న మూడు లక్షల మీద 29 శాతం ఎక్కువ. అదీ కొత్తగా మనిషిని పెట్టుకోకుండా, కొత్త ఉద్దెర ఇవ్వకుండా. "మీ ఊళ్లో ఇంకో 87,000 గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. సరుకు ఎక్కువ పెడితే వస్తారని ఆశ మాత్రం ఉంది. నిజానికి అతని దుకాణంలో సరుకు కొరత లేదు. ఉన్న డబ్బులో 1,20,000 పుస్తకంలో ఇరుక్కుని ఉంది. మూడు లక్షలు తెస్తే అందులోనూ కొంత అదే పుస్తకంలోకి పోతుంది.

ఆ ఏడు అతను లోను తీసుకోలేదు. యాసంగి వడ్ల డబ్బులు పడిన నెలలో ఇంటింటికీ తిరిగి ఉద్దెరను 1,20,000 నుంచి 65,000కు దించాడు. రెండేళ్లుగా కదలని పేర్లలో కొన్నింటిని రాని బాకీలుగా కొట్టేశాడు. వచ్చిన డబ్బుతో బొమ్మలు కొనలేదు, బియ్యం, నూనె నిల్వ పెంచాడు. ఆ తర్వాత నాకు మళ్లీ పుస్తకం చూపించినప్పుడు, ఖర్చుల పట్టికలో భార్య పేరు మీద 6,000 అని ఒక కొత్త పంక్తి ఉంది. ఇస్తున్నావా, రాస్తున్నావా అని అడిగాను. "ఇస్తున్న సార్, బ్యాంకుల ఆమె ఖాతాకే ఏస్తున్న" అన్నాడు.

9. అభ్యాసాలు

(అ) ఒక దుకాణం నెల అమ్మకాలు 2,40,000, అమ్మిన సరుకు ఖరీదు 2,08,800, నగదు ఖర్చులు 7,000. యజమాని కూలి 12,000, సొంత గది కిరాయి 3,000గా తీసుకోండి. పెట్టుబడి 3,00,000, వడ్డీ ఏడాదికి 12 శాతం. స్థూల మార్జిన్, అన్ని ఆపాదిత వ్యయాలు పోగా మిగిలే మార్జిన్ కనుక్కోండి. (జవాబు: 13 శాతం, 2.58 శాతం.) ఇదే పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే ఏమవుతుంది?

(ఆ) మీ ఊళ్లో ఒక చిన్న వ్యాపారిని కలవండి. మొదట "నెలకు ఎంత మిగులుతుంది?" అని అడిగి, చెప్పిన అంకె రాసుకోండి. తర్వాత ఈ భాగంలోని వరుసలో గది, మనుషుల పని, సరుకు, ఉద్దెర గురించి అడిగి లెక్క మళ్లీ వేయండి. రెండు అంకెలనూ, వాటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక పేజీలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి. వ్యాపారి పేరు రాయవద్దు.